వీధి మలుపులో ఉమ్మడి కారు



జర్మనీ ఉత్తరాన, వేజర్ నది ఒడ్డున బ్రేమెన్ అని ఒక ఊరుంది. జనాభా 5 లక్షల 70 వేల చిల్లర. మన గుంటూరు కంటే కాస్త చిన్నది. గ్రిమ్ సోదరుల కథలో గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు కలిసి పాటగాళ్లమవుదామని బయలుదేరింది ఈ ఊరికే. చివరిదాకా చేరలేదనుకోండి, అది వేరే సంగతి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఊరి కార్ల కథ.

బ్రేమెన్ పాతపేటల్లో వీధులు బాగా ఇరుకు. ఇంటింటా కార్లు వస్తాయని ఎవరూ అనుకోని కాలంలో వేసినవి. రోడ్డుకు రెండు పక్కలా కార్లు నిలిపేస్తే మధ్యలోంచి చెత్త లారీ పోవడమే కష్టం. మలుపు దగ్గర ఎవరైనా బండి ఆపి వెళ్లిపోతే ఫైరింజను తిరగదు. 2003 నుంచి అక్కడి నగరపాలకులు ఒక పని చేస్తూ వచ్చారు. వీధిలో కొన్ని కార్లు పట్టేంత జాగాను వేరు చేసి, పక్కన సైకిళ్లు తాళం వేసుకోవడానికి కమ్మీలు పాతి, గుర్తుగా ఒక స్తంభం నిలబెట్టారు. అక్కడ ఎవరి సొంత కారూ పెట్టకూడదు. వీధివాళ్లు వంతులవారీగా వాడుకునే ఉమ్మడి కార్లకే ఆ చోటు. దాని పేరు మొబీల్‌పుంక్ట్. 2013 నుంచి రెండు మూడు కార్లు మాత్రమే పట్టే చిన్న జాగాలు కూడా సందుల మలుపుల్లో మొదలుపెట్టారు. వాటితోపాటే మలుపులో ఫుట్‌పాత్‌ను కాస్త ముందుకు జరిపారు. దాంతో అక్కడ అడ్డదిడ్డంగా బండి ఆపే వీలు పోయింది, చెత్త లారీ సాఫీగా తిరుగుతోంది. కారు లేనివాళ్లకు కూడా ఈ ఏర్పాటు నచ్చిందంటే అందుకే.

ఆ కారు వాడే తీరు చూడండి. ముందు లైసెన్సు చూపించి, నెలకు కొద్దిపాటి చందా కట్టి సభ్యులు కావాలి. అవసరం పడ్డ రోజున ఫోన్‌లో గంటల లెక్కన బుక్ చేసుకోవాలి. కారు దగ్గరికి వెళ్లి ముందు అద్దం దగ్గరున్న రీడరుకు కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. తాళంచెవి లోపల అరలో ఉంటుంది. కదిలే ముందు చుట్టూ ఒకసారి తిరిగి గీతలు, సొట్టలు ఉన్నాయేమో చూసుకోవాలి. లేకపోతే ముందువాళ్లు చేసిన సొట్ట మీ ఖాతాలో పడుతుంది. పెట్రోలు బండి అయితే కారులోనే ఉన్న కార్డుతో కొట్టించుకోవచ్చు. ఎలక్ట్రిక్ బండి అయితే తెచ్చి పెట్టాక ఛార్జింగ్ తీగ తగిలించాలి. పనయ్యాక కారు మళ్లీ అదే జాగాకు రావాలి. గంటకు ఇంత, కిలోమీటరుకు ఇంత అని నెలాఖరుకు బిల్లు వస్తుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు కంపెనీ చూసుకుంటుంది.

మన పల్లెల్లో పెళ్లి వంటకు కావలసిన గుండిగలు, గంగాళాలు ఇంటింటా కొనుక్కునేవాళ్లు కాదు. గుళ్లోనో సత్రంలోనో ఉండేవి. పెళ్లివారు తెచ్చుకుని, పని కాగానే తోమి అప్పజెప్పేవారు. బ్రేమెన్‌వాళ్లు కారును ఆ గుండిగల వరసలో చేర్చారు.

దీన్ని మొదలుపెట్టింది నగరపాలకులు కాదు. 1990లో ఒక చిన్న పర్యావరణ బృందం, మూడు కార్లతో, ముప్పై మంది దాకా సభ్యులతో మొదలుపెట్టింది. ఆలోచన అంతకంటే పాతది. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో 1948లోనే ఇలాంటి సహకార సంఘం ఉండేది. అప్పటి వాళ్లకు గాలి గురించిన బెంగ లేదు, కారు కొనే స్తోమత లేక కలిసి కొనుక్కున్నారు. బ్రేమెన్ పాలకుల గొప్పతనం ఎక్కడంటే, ఆ మూడు కార్ల సంఘాన్ని ఎగతాళి చేయకుండా దానికి ఏం అడ్డుపడుతోందో కనుక్కున్నారు. అడ్డుపడింది డబ్బు కాదు, చోటు. కారు ఇంటికి ఐదు నిమిషాల నడకలో దొరక్కపోతే ఎవరూ సొంత కారు అమ్ముకోరు. ఇళ్ల దగ్గర ఖాళీ స్థలం ఉండదు, ఉన్నదల్లా వీధి. వీధి నగరపాలకులది. కాబట్టి వాళ్లు వీధినే ఇచ్చారు.

ఊరికే ఇవ్వలేదు. ఆ జాగా కావాలన్న కంపెనీ, జర్మనీలో బ్లూ ఏంజెల్ అనే పర్యావరణ ముద్రకు ఉన్న షరతులకు లోబడాలి. బండ్లు పొగ తక్కువ వదిలేవి కావాలి. వాటివల్ల ఊళ్లో సొంత కార్లు నిజంగా తగ్గుతున్నాయని చూపించాలి. ట్రామ్, బస్సు పాసుకు కారు కార్డును కలిపే ఏర్పాటు 1998లోనే వచ్చింది. 2009లో ఒక కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నారు: 2020 నాటికి 20,000 మంది సభ్యులు కావాలి, 6,000 సొంత కార్లు రోడ్డు మీద తగ్గాలి. బిల్డర్లకు సంబంధించిన నియమాన్ని కూడా మార్చారు. కొత్త అపార్ట్‌మెంటు కట్టేవాళ్లు ఇన్ని ఫ్లాట్లకు ఇన్ని పార్కింగులు కట్టాలన్న లెక్కలో కొంత తగ్గించి, బదులుగా ఉమ్మడి కార్లకో, ట్రామ్ పాసులకో ఖర్చు పెట్టవచ్చు. సెల్లారు తవ్వే ఖర్చు తగ్గుతుంది గనుక బిల్డర్‌కూ ఇష్టమే. ఇక వీధిలో ఉమ్మడి కార్లకు చోటు కేటాయించడానికి దేశమంతటికీ వర్తించే చట్టం జర్మనీలో 2017లో గాని రాలేదు. అంటే ఊరు ముందు నడిచింది, దేశం పద్నాలుగేళ్లు వెనక నడిచింది.

ఫలితం? 2018లో వచ్చిన ఒక అధ్యయనం, బ్రేమెన్‌లో ఒక్కో ఉమ్మడి కారు 16 సొంత కార్లకు బదులవుతోందని లెక్కగట్టింది. ఈ అంకెను కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. ఉన్న కారు అమ్మేసినవాళ్లతో పాటు, ఇది లేకపోతే కొనేవాళ్లం అని చెప్పినవాళ్లు కూడా ఇలాంటి లెక్కల్లో ఉంటారు. మనిషి నోటిమాట వేరు, షోరూములో సంతకం పెట్టడం వేరు. సగానికి సగం కొట్టేసినా ఎనిమిది మిగులుతాయి. చిన్న సంగతి కాదు.

ఇప్పుడు గాలి విషయం. ఎలక్ట్రిక్ కారు తెస్తే చాలు, గాలి దానంతటదే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. కారు గాలిని రెండు రకాలుగా పాడుచేస్తుంది. సైలెన్సరు నుంచి, ముఖ్యంగా డీజిలు బండి నుంచి, నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. అది ఊపిరితిత్తులను మండిస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లలను ఆసుపత్రిపాలు చేస్తుంది. ఎలక్ట్రిక్ బండికి సైలెన్సరే లేదు కాబట్టి ఆ పీడ పోతుంది. రెండోది ధూళి. టైర్లు అరిగి, బ్రేకులు రాసుకుని, రోడ్డు మీది దుమ్ము లేచి పుట్టే సన్నని రేణువులు. ఎలక్ట్రిక్ కారుకు కూడా నాలుగు టైర్లున్నాయి, పైగా బ్యాటరీ బరువు. కాబట్టి ఒక డీజిలు కారు పోయి ఒక ఎలక్ట్రిక్ కారు రావడం సగం పనే. పది కార్లు పోయి ఒకటి రావాలి.

బ్రిటన్‌లో ఆర్‌ఏసీ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ 2012లో ఒక లెక్క వేసింది. అక్కడ సగటు కారు దాని జీవితకాలంలో 96 శాతం సమయం ఆగే ఉంటుంది. నడిచేది 4 శాతమే. ఆగి ఉన్న కారు పొగ వదలదు కదా అంటారేమో. ఆ కారు గుమ్మం ముందు ఉండటమే పొగకు మూలం. కొన్న డబ్బు ఎలాగూ పోయింది, వాయిదాలు ఎలాగూ కడుతున్నాం, అందుకని సందు చివరి కిరాణా కొట్టుకు కూడా తాళంచెవి పట్టుకుంటాం. గంటకు ఇంతని లెక్క కట్టే కారైతే పెరుగు ప్యాకెట్ కోసం నడిచే వెళ్తాం. ఉమ్మడి కారువల్ల గాలికి కలిగే మేలులో ఎక్కువ భాగం ఇలా తీయని కార్ల వల్లే.

ఇదంతా అంకెల సరదా కాదని చెప్పడానికి ఒక పాప గురించి చెప్పాలి. ఎల్లా కిస్సీ-డెబ్రా. లండన్‌లో లూయిషామ్ ప్రాంతంలో, సౌత్ సర్క్యులర్ అనే రద్దీ రోడ్డుకు దగ్గర్లో ఉండేది. తీవ్రమైన ఉబ్బసంతో మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరి, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ల వయసులో చనిపోయింది. తల్లి ఏళ్ల తరబడి పోరాడాక రెండోసారి విచారణ జరిగింది. 2020 డిసెంబరులో కరోనర్, అంటే మరణ కారణాన్ని విచారించే అధికారి, ఆ పాప మరణానికి గాలి కాలుష్యం కూడా కారణమని తేల్చారు. బ్రిటన్‌లో ఒక మనిషి మరణ కారణంలో ఆ మాట చేరడం అదే మొదటిసారి.

నగరపాలకులు చేయి వేసినంత మాత్రాన అన్నీ బ్రేమెన్‌లా అవుతాయనుకోకండి. పారిస్ కథ వింటే తెలుస్తుంది. 2011 డిసెంబరులో అక్కడ ఆటోలిబ్ అనే పథకం మొదలైంది. చిన్న ఎలక్ట్రిక్ కార్లు, ఊరంతా ఛార్జింగ్ స్తంభాలు, ఒకచోట ఎక్కి ఇంకోచోట దిగి వదిలేసి పోవచ్చు. నడిపింది బొలొరే అనే పెద్ద పారిశ్రామిక సంస్థ. పారిస్, చుట్టుపక్కల మునిసిపాలిటీలు కలిసి ఒక మండలిగా ఏర్పడి దానితో ఒప్పందం చేసుకున్నాయి. ప్రపంచమంతా చూసి మెచ్చుకుంది. కార్లు దాదాపు 4,000 అయ్యాయి, సభ్యులు లక్ష దాటారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు మెట్రోలోనో బస్సులోనో తిరిగేవాళ్లు. సిక్స్‌టీ అనే పరిశోధన బృందం 2014లో పోల్చి చూసింది. తీసుకున్నచోటికే తిరిగి తెచ్చే పాత పద్ధతి కారు ఒక్కొక్కటి ఏడు సొంత కార్లకు బదులైతే, ఆటోలిబ్ కారు మూడింటికే బదులైంది. ఎక్కడైనా వదిలేయవచ్చన్న సౌకర్యమే దాన్ని చవక టాక్సీగా మార్చింది. టాక్సీతో పోటీ అన్నాక ఫోన్‌లో పిలిస్తే వచ్చే కార్లు రంగంలోకి దిగాయి, వాడకం పడిపోయింది. కార్లు మురికిగా ఉంటున్నాయని, లోపల ఎవరెవరో పడుకుంటున్నారని ఫిర్యాదులు మొదలయ్యాయి. నష్టం 2023 నాటికి 29 కోట్ల యూరోలు దాటుతుందని తేలింది. ఆ నష్టంలో పెద్ద వాటా మీరే భరించాలని కంపెనీ అంటే, మండలి ఒప్పుకోలేదు. 2018 జూన్‌లో ఒప్పందం రద్దు చేసింది. జూలై 31తో కార్లు ఆగిపోయాయి. ఆ తర్వాత రొమొరాంతాన్ అనే చిన్న పట్టణం దగ్గర ఆ కార్లు వందల కొద్దీ బయలు స్థలంలో పడి ఉన్న ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. ఒక మేలు మాత్రం మిగిలింది. వీధుల్లో పాతిన ఛార్జింగ్ స్తంభాలు తర్వాత సొంత ఎలక్ట్రిక్ కార్లవాళ్లకు పనికొచ్చాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పారిస్ కార్ల వ్యాపారానికి పూచీ పడింది, బ్రేమెన్ వీధిని ఇచ్చింది. మొదటిది కోట్ల నష్టంతో, తగవుతో ముగిసింది. రెండోదానికి ఖర్చు ఒక స్తంభం, కొన్ని సైకిల్ కమ్మీలు, కాస్త సిమెంటు.

లండన్‌లో ఇంకో రకం తలనొప్పి. ఆ మహానగరంలో 32 బరోలు, అంటే స్థానిక పాలనా విభాగాలు, అదనంగా సిటీ ఆఫ్ లండన్. పార్కింగ్ ఎవరికి వారిదే. 2014లో డ్రైవ్‌నౌ అనే కంపెనీ మూడు బరోలతో ఒప్పందం చేసుకుని కార్లు దించింది. ఈ వీధిలో కారు వదిలితే సరే, సరిహద్దు దాటి పక్క వీధిలో వదిలితే కుదరదు. ఊరికి ఒకే గాలి, పార్కింగుకు ముప్పైమూడు చట్టాలు. 2020లో ఆ కంపెనీ లండన్ నుంచి వెళ్లిపోయింది. ఎంతో పెద్దదైన ఉమ్మడి కార్ల కంపెనీ జిప్‌కార్ కూడా 2025 డిసెంబరులో బ్రిటన్‌లో దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించింది. దాన్ని నమ్ముకుని సొంత కారు అమ్మేసినవాళ్ల గతేమిటని అడిగితే నగరం దగ్గర జవాబు లేదు. ఒకే కంపెనీ చేతిలో ఊరిని పెట్టకూడదని దీన్నిబట్టి నేర్చుకోవాలి.

బ్రిటన్‌లో మంచి పనులు కూడా జరిగాయి. కొత్త ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు, చేరబోయే కుటుంబాలకు కార్‌క్లబ్ (ఉమ్మడి కార్లకు అక్కడి పేరు) సభ్యత్వం బిల్డరే కట్టాలని చాలా కౌన్సిళ్లు ఒప్పందంలో రాస్తాయి. కొవెంట్రీలో 2021లో పాత కారు వదులుకున్నవాళ్లకు 3,000 పౌండ్ల దాకా ఖాతాలో వేశారు. ఆ సొమ్ము బస్సుకో, రైలుకో, ఉమ్మడి కారుకో వాడుకోవాలి. అన్నిటికంటే నాకు నచ్చింది లండన్‌లోని క్రాయిడన్ బరో కౌన్సిల్ ఆలోచన. ఉద్యోగుల తిరుగుడుకు కార్‌క్లబ్ బండ్లను పని గంటల్లో బుక్ చేసేది. సాయంత్రాలు, సెలవు రోజుల్లో అవే బండ్లు చుట్టుపక్కల జనానికి. కంపెనీకి పగటి బేరం ఖాయం, జనానికి రాత్రి బండి ఖాయం.

ఇక మన ఊళ్ల దగ్గరికి వద్దాం. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాదు, విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, నల్గొండ అన్నీ ఉన్నాయి. దానికింద వచ్చిన డబ్బులో దేశం మొత్తం మీద 64 శాతం రోడ్డు దుమ్ము అణచడానికే పోయిందని, వాహనాల మీద ఖర్చయింది 13 శాతం లోపేనని ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ సంస్థ 2024లో లెక్క తేల్చింది. ఊడ్చే యంత్రాలు కొన్నారు, నీళ్లు చల్లారు. దుమ్ము అణచాల్సిందే. దుమ్ము లేపుతున్న బండ్ల సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంది.

మన దగ్గర సెల్ఫ్‌డ్రైవ్ కార్లు కొత్త కాదు. జూమ్‌కార్ 2013లో బెంగళూరులో మొదలై హైదరాబాదుకూ వచ్చింది. అయితే మనవాళ్లు వాటిని శ్రీశైలానికో, అరకుకో వెళ్లడానికి వాడతారు. అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే గంటన్నర పనికి ఆ కారు ఇంటి దగ్గర ఉండదు. అది ఉన్నచోటికి వెళ్లి తెచ్చుకోవాలి. వార్డులో, వీధి మీద, ఉమ్మడి కారుకని గీసిన జాగా నాకు తెలిసి ఏ కార్పొరేషన్‌లోనూ కనబడదు.

చట్టం కూడా పాతబడింది. డ్రైవరు లేకుండా కార్లు అద్దెకిచ్చే లైసెన్సుకు 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ పథకమే ఆధారం. అందులో కనీసం 50 కార్లు ఉండాలన్నారు. బ్రేమెన్‌లో మూడు కార్లతో మొదలైన ఆ సంఘం మన దేశంలో పుట్టి ఉంటే లైసెన్సే దొరికేది కాదు. ఒక కాలనీ సంక్షేమ సంఘం మూడు ఎలక్ట్రిక్ కార్లు కొని సభ్యులకు తిప్పుదామన్నా ఇదే గోడ. ఈ నిబంధన మార్చాల్సింది ఢిల్లీ. మన మేయర్లు, కమిషనర్లు కనీసం ఒక ఉత్తరమైనా రాయవచ్చు.

ఒక అభ్యంతరం గట్టిది, దాటవేయకూడదు. మన ఇళ్లలో ఎక్కువ కారు కాదు, మోటారు సైకిలు. కారు లేని ఇంటికి ఉమ్మడి కారు అందిస్తే కార్ల తిరుగుడు పెరగదా? పెరగవచ్చు. పారిస్‌లో మెట్రో మానేసి కారెక్కినట్టే ఇక్కడ ఆర్టీసీ మానేసి ఎక్కితే నష్టమే. అందుకే ముందు బస్సు. పది నిమిషాలకో బస్సు లేని కాలనీలో ఉమ్మడి కారు పెట్టినా ఎవరూ సొంత కారు కొనడం మానరు. బస్సు, మెట్రో బాగున్న చోట, ఒక కారు ఉండి రెండోది కొందామా అని ఆలోచిస్తున్న ఇళ్లు ఉన్న చోట, అంటే కూకట్‌పల్లిలో, మియాపూర్‌లో, విశాఖ ఎంవీపీ కాలనీలో, దీన్ని మొదలుపెట్టాలి. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2024 నవంబరు నుంచి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. కొన్నవాడికి అంత రాయితీ ఇచ్చిన ప్రభుత్వం, కొనకుండా పంచుకునేవాడికి ఏమిచ్చింది?

కార్లు పాడుచేస్తారు, అద్దాలు పగలగొడతారు అంటారు. పారిస్‌లోనూ చేశారు. పేరు తెలిసిన యాభై ఇళ్లవాళ్లు వాడే కారుకు, ఊరంతా వాడే కారుకు తేడా ఉంటుంది. సొట్ట పెట్టినవాడు రేపు లిఫ్టులో ఎదురుపడతాడు.

మన మునిసిపల్ ఆఫీసుల్లో అధికారుల కోసం నెలవారీ అద్దెకు తీసుకునే బండ్లు ఎన్నో ఉంటాయి. వాటిలో ఓ పది ఎలక్ట్రిక్ బండ్లను క్రాయిడన్ పద్ధతిలో నడిపి చూడటానికి కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. పగలు ఆఫీసు పనికి. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారాలు, లైసెన్సున్న కంపెనీ ద్వారా వార్డు జనానికి. ఏడాది నడిపి, ఎన్ని ఇళ్లు రెండో కారు కొనడం మానుకున్నాయో బహిరంగంగా లెక్క చెప్పాలి. తగ్గకపోతే ఆపేయాలి.

ఈసారి మీ కార్పొరేటరు వీధిలోకి వచ్చి ఏం కావాలని అడిగితే, సిమెంటు రోడ్డు, వీధి దీపాలతో పాటు ఇదీ అడగండి: బస్టాపు పక్కన రెండు కార్లు పట్టే జాగా, ఒక ఛార్జింగ్ స్తంభం, అక్కడ సొంత బండి పెట్టేవాళ్లకు జరిమానా. వాటిలో మొదటి రెండూ కార్పొరేషన్ చేతిలో ఉన్నవే.